ప్రవేశపరీక్షయు పల్లెటూరి విద్యార్థియు

వేసవి వచ్చి గోదావరి కాలువలు కట్టివేయు దినములలో మన డెల్టా గ్రామముల అరుగులమీద వెనుక రెండే ప్రసంగములు వినవచ్చుచుండెడివి. దాళ్వా దిగుబడి యెంత యనునది యొకటి, పెండ్లి ముహూర్తము లెప్పుడనునది రెండవది. నేడు మూడవ ప్రసంగము వచ్చి యా రెంటిని వెనుకకు నెట్టినది. పిల్లవానికి ర్యాంకెంత? ఇంజనీరింగు, వ్యవసాయ, ఫార్మసీ విద్యలకు ఎంసెట్టు, అనగా 2021 నుండి ఈఏపీసెట్టని పేరు మాఱిన పరీక్ష, వైద్యవిద్యకు నీట్, అఖిలభారత సాంకేతిక విద్యాసంస్థలకు జేఈఈ. ఈ మూడు పరీక్షల ఫలితములకొఱకు కోనసీమ కొబ్బరితోటలు మొదలుకొని రంపచోడవరము కొండలవఱకు తలిదండ్రు లెదురుచూచుచున్నారు. ఇవి యుండవలయునా, తొలగవలయునా యను వాదము ఏటేట ఫలితములతోపాటు పుట్టి, ప్రవేశములు ముగియగానే చల్లారిపోవుచున్నది. దీనిని చల్లారనీయక నిదానముగ విచారించుట పఠనమందిరములకు వచ్చు పెద్దల ధర్మము.

మొదట పరీక్షపక్షమున చెప్పదగినదానిని దాచక చెప్పుదము. కళాశాలలో చోటు తక్కువ, కోరువా రెక్కువ యయినప్పుడు ఎవరినో యొకరిని ఏఱుకొనక తప్పదు. ఏఱుటకు ప్రమాణము పరీక్ష కానిచో మఱి యేమి యగును? ధనము కావచ్చును, సిఫారసు కావచ్చును, అధికారి ఇష్టానిష్టములు కావచ్చును. ఈ మూడింటి రుచియు మనవా రెఱిగినదే.

అధికారి ఇష్టానిష్టముల మాట రాజమహేంద్రవరమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1907లో బిపినచంద్రపాలుగా రీ పట్టణమున నుపన్యసించి వెళ్లిన వెంటనే వందేమాతరము పతకములు ధరించిన విద్యార్థులపై నాటి కళాశాలాధ్యక్షుడు మార్కు హంటరు దొర కత్తిగట్టెను. శిక్షణ కళాశాలలో చదువుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైరి. వారి చదువులో లోపము లేదు; దొరగారి యాగ్రహమే లోపము. నేటి పరీక్షాశాలలో విద్యార్థికి పేరు లేదు, రొమ్మున పతకము లేదు, తండ్రి హోదా లేదు. హాల్‌టికెట్టు సంఖ్య మాత్రమే కలదు. సమాధానపత్రమును దిద్దునది వాని కుల మెఱుగదు, ఊ రెఱుగదు. ఇది స్వల్పలాభము కాదు.

ధనము మాటకు వత్తము. వెనుక ప్రైవేటు కళాశాలలలో చోట్లు కాపిటేషను ఫీజునకు అమ్ముడుపోవుచుండగా, ఆ విక్రయమును నిషేధించి ప్రవేశములను క్రమపఱచుటకై 1983లో మన రాష్ట్రమున చట్టము చేయబడెను. 1986 నుండి ఎంసెట్టు జరుగుచు వచ్చినది. కాని 1992లో ఆ చట్టమునకే 3-ఏ యను సెక్షను చేర్చి, ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు ఉమ్మడి పరీక్షతో నిమిత్తము లేకుండ తమకు తోచినవారిని చేర్చుకొనుటకు దారి చేసిరి. హైకోర్టు పూర్ణ ధర్మాసనము ఆ సెక్షనును కొట్టివేసెను. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపఱచెను. పరీక్షను తీసివేయుమని నేడు కోరు సోదరులు ఈ చరిత్రను మఱువరాదు. పరీక్ష తొలగిన యా యొక్క సందులోనే సంచీ పట్టుకొని యెవరు జొరబడిరో అది చెప్పుచున్నది.

సిఫారసు మాటకు పొరుగుదేశమే తార్కాణము. చీనాలో 1966లో విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షను తీసివేసిరి. పేదలకొఱకే తీసివేసితి మనిరి. జరిగిన దేమి? తరువాత తరగతులు తెఱచినప్పుడు కార్యకర్తల సిఫారసే విద్యార్థులను ఏఱెను. పలుకుబడి గలవారి బిడ్డలకు దారి సుగమమయ్యెను. 1977లో మరల పరీక్ష పెట్టినప్పుడు పొలములలోను కర్మాగారములలోను పనిచేయుచున్న యువజనులు లక్షలకొలదిగా వచ్చి దానికి కూర్చుండిరి. తమకు మిగిలిన న్యాయమైన తలుపు అదియే యని వా రెఱుగుదురు.

ఇంతవఱకు పరీక్షపక్షము బలమైనదే. కాని వకాలత్తు ఇంతటితో ముగియదు. రెండవపక్షమునకు సాక్ష్యముగ మన జాతీయోద్యమ చరిత్రనే పిలుతము.

ఇండియన్ సివిల్ సర్వీసు పోటీపరీక్ష 1855లో ప్రారంభమయినప్పుడు అది యందఱికి సమానమనిరి. ప్రశ్నపత్ర మొక్కటే, నిబంధన లొక్కటే, మార్కు లొక్కటే. జాతి వర్ణ భేదము లేదు. కాని పరీక్షాశాల లండనులో! సముద్రయానమునకు డబ్బు గలవాడు, అచ్చట నెలల తరబడి బసచేసి చదువగలవాడు తప్ప తక్కినవాని కా సమానత్వ మెందుకు? ఆపైని 1870ల చివర గరిష్ఠ వయస్సును 19 ఏండ్లకు తగ్గించి, మిగిలిన త్రోవను గూడ ఇఱుకు చేసిరి. 1885లో బొంబాయిలో కూడిన మొదటి కాంగ్రెసు మహాసభ తీర్మానములలో ఈ పరీక్షను ఇంగ్లండులోను ఇండియాలోను ఏకకాలమున జరుపవలెననునది యొకటి. 1893లో కామన్సు సభయే ఆ కోర్కె నంగీకరించినను ప్రభుత్వము నెఱవేర్పలేదు. ఈ దేశపు గడ్డమీద ఆ పరీక్ష మొదటిసారి జరుగుటకు 1922 వఱకు వేచియుండవలసివచ్చెను.

గమనింపదగిన దొకటి కలదు. దాదాభాయి నౌరోజీగారు మొదలైన మన పెద్దలు పరీక్షను రద్దుచేయుమని కోరలేదు. పరీక్షకు పోవు త్రోవను అందఱికి అందునట్లు చేయుమని కోరిరి. తలుపు తెఱచియున్న దనుట వేఱు, తలుపువఱకు నడువగలుగుట వేఱు అని వా రెఱిగిరి. నేటి మన వివాదమునకును ఇదియే కీలకము.

నేడు పరీక్షాశాల లండనులో లేదు. కాకినాడలోను, రాజమహేంద్రవరములోను, భీమవరములోను ఉన్నది. కాని లండను మాత్రము మాయమగలేదు. దాని పేరు నేడు శిక్షణ. న్యాయవాదిగా నాకు ఈ సంగతి పుస్తకములవలన గాక ప్రామిసరీనోట్లవలన తెలిసినది. వెనుక నా యొద్దకు వచ్చు నోట్లు పెండ్లికో, పంట పెట్టుబడికో, వైద్యమునకో వ్రాయబడినవి. ఇటీవల రాజోలు ప్రాంతపు కౌలురైతొకడు తనపై పడిన దావాకాగితములు చేతబట్టుకొని వచ్చెను. నోటు మూడేండ్లు నిండకముందే తిరగవ్రాసినది, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, అసలు లక్షన్నర. "ఇది దేనికి తెచ్చినావు, ఆడపిల్ల పెండ్లికా?" యని యడిగితిని. "పెళ్లికి కాదండి బాబుగారూ, మావోడి లాంగ్‌టర్మ్‌కండి" అనెను. వాని కుమారుడు తమ యూరి ఉన్నతపాఠశాలలో మొదటివాడు. రెండేండ్లు నీట్ శిక్షణకు పోయినాడు. రెండుమాఱులును సీటు రాలేదు. కాగితములు మడిచి సంచిలో పెట్టుకొనుచు ఆ తండ్రి యడిగిన మాట నేటికిని నా చెవిలోనున్నది: "మావోడు మొద్దాండీ?"

ఈ ప్రశ్నకు మనము సమాధానము చెప్పవలసియున్నది. ఇంజనీరింగు విభాగమున మన రాష్ట్ర పరీక్షలో మూడు గంటలలో 160 ప్రశ్నలు. అనగా ప్రశ్నకొక నిమిషము, పైన ఏడెనిమిది క్షణములు. నీట్‌లో 720 మార్కులు; తప్పు సమాధానమునకు ఒక మార్కు తీసివేత. ఇట్టి పరీక్షకు బుద్ధి యక్కఱలేదని యెవ్వరు ననరు. కాని బుద్ధి మాత్రమే చాలునా? ఏ ప్రశ్నను వదలవలెను, ఏ లెక్కను ఏ అడ్డదారిన చేయవలెను, గడియారమును ఎట్లు జయింపవలెను - ఇవి శాస్త్రజ్ఞానముకంటె సాధనవలన వచ్చు విద్యలు. ఆ సాధన వారమువారము పరీక్షలు పెట్టు వసతిగృహములలో రుసుమునకు దొరకును. ఊరి కళాశాలలో అధ్యాపకుని చోటు ఖాళీగ నున్న పిల్లవానికి అది దొరకదు. కావున ర్యాంకులో సగము వాని బుద్ధి యైనచో, మిగిలిన సగము వాని తండ్రి చేవ్రాలు.

ఈ సాధన యావత్తు చదువు స్వరూపమునే మార్చివేసినది. ప్రయోగశాల పరికరములు దుమ్ముకొట్టుకొనిపోయినవి. కొలిచి చూచుట, వ్రాసి వివరించుట వెనుకబడినవి. ఇంటర్మీడియటులో తెలుగును విడిచి సంస్కృతమును గైకొను పిల్లలలో గీర్వాణాభిమానము గలవా రెందఱు? మార్కులు సులువుగ వచ్చునను లెక్కయే కాక వేఱు కారణము కానరాదు. పిల్లల మనస్సులపై పడిన బరువు మాట మఱింత దారుణము. విశాఖపట్టణమున నీట్ శిక్షణ పొందుచుండిన యొక విద్యార్థిని మరణముపై నడచిన వ్యాజ్యమున 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమున కంతకును 15 మార్గదర్శక సూత్రములు విధించినది. మార్కులనుబట్టి పిల్లలను జట్లుగా విడదీయరాదు, పదిమందిలో అవమానింపరాదు, నూఱుగురు, అంతకు మించినవారు చదువు సంస్థలలో శిక్షణ పొందిన సలహాదారు ఉండవలెను. ఇంత చిన్న మాటలు చెప్పుటకు దేశమున కత్యున్నతమైన న్యాయస్థానము దిగిరావలసివచ్చిన దనిన, ఆ వసతిగృహములలో నేమి జరుగుచున్నదో ఊహించుకొనవచ్చును.

ఒక్క పరీక్షపైననే సర్వమును నిలిపినప్పుడు, ఆ యొక్కటి చెడిన సర్వమును చెడును. 2016లో తెలంగాణమున వైద్యవిద్యా ఎంసెట్టు ప్రశ్నపత్రము బయటపడగా పరీక్షను రద్దుచేసి, నిర్దోషులైన విద్యార్థులను మరల కూర్చుండబెట్టిరి. 2024లో 23 లక్షలమందికి పైగా వ్రాసిన నీట్‌లో మొదట 67 మందికి పూర్తి మార్కులు వచ్చినట్లు ప్రకటించిరి. 1,563 మందికి కలిపిన అదనపు మార్కులను తరువాత రద్దుచేసిరి. హజారీబాగు, పాట్నాలలో పత్రము బయటపడిన సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చెను. దేశవ్యాప్తముగ లోపము నిరూపింపబడలేదని కోర్టు మరల పరీక్ష కవకాశ మీయలేదు. తీర్పు న్యాయమే కావచ్చును. కాని అప్పుచేసి చదివించిన తండ్రి నమ్మకమును ఏ తీర్పు తిరిగి తేగలదు?

ఇంకొక విచిత్రమును గూడ చెప్పవలసియున్నది. 2023లో రాజమహేంద్రవరమున 150 చోట్లతో ప్రభుత్వ వైద్యకళాశాల తెఱచినప్పుడు మన మందఱము సంతసించితిమి. కాని ఆ యేడే వెలువడిన ఉత్తర్వులవలన, క్రొత్త ప్రభుత్వ కళాశాలలలో అఖిలభారత వాటా పోగా మిగిలిన చోట్లలో నూటికి 35 ఏడాదికి 12 లక్షల రూపాయల రుసుమునకును, నూటికి 15 ప్రవాసుల పేర 20 లక్షలకును కేటాయింపబడెను. వీరును నీట్‌లో అర్హులే కావలెను, నిజమే. కాని ర్యాంకు మెఱుగైన పేదవానిని దాటి ర్యాంకు తక్కువైన ధనికుడు, అదియు ప్రజాధనముతో కట్టిన కళాశాలలోనికి, నడచిపోవు త్రోవ ఇది. 1983లో చట్టము మూసిన తలుపును ప్రభుత్వమే తన చేతులతో తెఱచినట్లయ్యెను. యోగ్యతపేర పేదవానికి పరీక్ష పెట్టుటయు, ధనికునికి ధర పెట్టుటయు ఒక్క న్యాయము క్రింద నిలువవు.

కాగా మన యభిప్రాయ మేమి? పరీక్ష నిలువవలయును, త్రోవ బాగుపడవలయును. ఇది గోడమీది పిల్లివాటము కాదు. త్రోవను బాగుచేయుటకు అనుభవమునకు వచ్చిన పద్ధతులు మన కన్నులయెదుటనే కలవు.

మనకు పొరుగుననే నూజివీడు ఉన్నది. 2008లో స్థాపితమైన రాజీవ్‌గాంధి సాంకేతిక విశ్వవిద్యాలయమున పదవ తరగతి మార్కులే ప్రమాణముగ, వసతి లేని ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి నూటికి నాలుగు మార్కులు అదనముగ చేర్చి పల్లెటూరి పిల్లల నేఱుకొనుచు వచ్చిరి. కరోనావలన పదవ తరగతి పరీక్షలు జరుగని 2020, 2021లలో మాత్రము ప్రవేశపరీక్ష పెట్టవలసివచ్చెను. వెనుకబాటునకు ఒక లెక్క గట్టి దానిని యోగ్యతలో చేర్చుట సాధ్యమే యని నూజివీడు నిరూపించినది. మన పొరుగు తమిళనాడు 2020లో వేఱొక దారి త్రొక్కినది. నీట్‌లో అర్హులైనవారిలోనే, ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి వైద్యకళాశాలల చోట్లలో నూటికి ఏడున్నర ప్రత్యేకించినది. 2022లో మద్రాసు హైకోర్టు ఆ చట్టమును సమర్థించినది. అమెరికాలో టెక్సాసు రాష్ట్రము 1997లో, ప్రతి ఉన్నతపాఠశాలలోను మొదటి పదవవంతులో నిలిచినవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ప్రవేశ మొసగు చట్టము చేసినది. పట్టణపు పిల్లవానిని పట్టణపు పిల్లవానితోడను, పల్లె పిల్లవానిని పల్లె పిల్లవానితోడను పోల్చుటయే దాని సారము.

వీనినిబట్టి మన శాసనసభ్యులముందు పెట్టదగిన కోర్కెలు నాలుగు. మొదటిది, తమిళనాటివలె ప్రభుత్వ పాఠశాలల, ప్రభుత్వ జూనియరు కళాశాలల విద్యార్థులకు వైద్యకళాశాలలలో కొంత వాటా. రెండవది, మన రాష్ట్ర పరీక్షలో ఇంటర్మీడియటు మార్కులకు నూటికి 25 వంతుల విలువనిచ్చు పద్ధతిని సంస్కరించి, ఉత్త మార్కులకు బదులు తన కళాశాలలో విద్యార్థి యెన్నవవాడుగ నిలిచెనో ఆ స్థానమునకు విలువ నిచ్చుట. మూడవది, ప్రభుత్వ కళాశాలలలో చోట్లను లక్షలకు పెట్టు పద్ధతికి స్వస్తి. నాలుగవది, ప్రభుత్వ జూనియరు కళాశాలలలో భౌతిక, రసాయన, గణితశాస్త్రముల అధ్యాపకుల ఖాళీలను విద్యాసంవత్సర ప్రారంభమునకు ముందే పూర్తిచేయుట. ఈ నాలుగవది లేనిదే మొదటి మూడును పేపరుమీది పులులే.

వీనికి చెప్పబడు ఆక్షేపణల నెఱుగుదును. ఇంటర్మీడియటు మార్కులను నమ్మలేము, చూచివ్రాతలు కలవు, కొన్ని కళాశాలలు మార్కులు కురిపించుకొనును అందురు. సత్యమే. అందుచేతనే మార్కులను గాక స్థానమును కోరుచున్నాము. తరగతి కంతకును తొంబదితొమ్మిది వచ్చినను, మొదటి పదవవంతు పదవవంతే. దానిని కురిపింప వీలులేదు. ధనికులు తమ పిల్లల పేర్లను పల్లెటూరి కళాశాలల పట్టీలలో వ్రాయించి, చదువు మాత్రము వసతిగృహములలో చెప్పింతురందురు. దీనికిని మందు మన చట్టములోనే కలదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు విద్యార్థి స్థానికతకు వరుసగ నాలుగు విద్యాసంవత్సరముల చదువును ప్రమాణముగ గైకొన్నది. అట్టి నియమమునే ఇచ్చటను పెట్టి, హాజరుపట్టీలను తనిఖీచేసిన దొంగపేర్లు నిలువవు. ఇట్లేఱిన పిల్లలు కళాశాలలో వెనుకబడుదురనునది మూడవ యాక్షేపణ. మొదటి సంవత్సరము కొంత తడబడవచ్చును. అట్టివారికి కళాశాలయే ఆ యేడు సాయంతరగతులు నడుపవలెను. ఒక్కయేటి తడబాటుకై నలుబదియేండ్ల వైద్యుని కోల్పోవుట ఏ లెక్క? కొండగ్రామములకు పోవ నిచ్చగించు వైద్యుడు కొండగ్రామమునుండి వచ్చినవాడే యగుట సహజము గదా.

ప్రభుత్వము చేయునంతవఱకు చేతులు కట్టుకొని కూర్చుండుట మన జిల్లాలవారి సంప్రదాయము కాదు. 1907లో సర్కారు కళాశాల తలుపులు మూసినప్పుడు రాజమహేంద్రవరమువారు జాతీయపాఠశాల తెఱచిరి. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు జాతీయ కళాశాలను నిలిపిరి. గ్రంథాలయోద్యమము మన ఊళ్లలో పఠనమందిరములను నాటినది. ఆ మందిరములలో నేడు సాయంకాలము దీపములు వెలుగుచున్నవి, బల్ల లున్నవి, కుర్చీ లున్నవి. లేనిదల్ల పదునేడేండ్ల పిల్లవానికి కావలసిన పుస్తకము, చెప్పువాడు. తెలుగు అకాడమి పాఠ్యపుస్తకములు, పాత ప్రశ్నపత్రములు, గడియారము పెట్టి వారమునకొక మాదిరిపరీక్ష - వీనికి వేలు ఖర్చుకావు. ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడు ప్రతి యూరను కలడు. సెలవులకు ఇంటికి వచ్చు వైద్యవిద్యార్థి, ఇంజనీరింగు విద్యార్థి కలరు. వారమునకు రెండు సాయంకాలము లీయుటకు అట్టివారు పదిమంది ముందుకు వచ్చిన ఒక తాలూకా కంతకును పని జరుగును. న్యాయవాదులమైన మేమును లెక్కలు చెప్పలేకపోయినను, ధ్రువపత్రములు, ప్రవేశ దరఖాస్తులు, ఉపకారవేతనముల విషయమున సాయపడగలము.

ఆ కౌలురైతు దావాలో వాయిదా యింకను ఉన్నది. వాని కుమారుడు మొద్దు కాడని చెప్పుటకు నా యొద్ద దస్తావేజు లేదు. వాని ఊరిబడిలో వాడు మొదటివాడన్న మాట యొక్కటే కలదు. ఆ మాటకు విలువగట్టు పద్ధతి మన ప్రవేశములలో లేకపోవుటయే నేటి లోపము. వచ్చు ప్రవేశములకు ముందుగ ప్రతి పఠనమందిరమునుండియు ఈ నాలుగు కోర్కెలతో ఒక్కొక్క మహజరు శాసనసభ్యునికి చేరవలెను. అంతకుముందే, రేపటి సాయంకాలమే, ఒక బల్ల పిల్లలకొఱకు ఖాళీ చేయవలెను.